ముందు ఆట... తర్వాతే క్లిక్కు!

'రెండ్రోజుల్లో స్పోర్ట్స్ ఫొటోగ్రఫీ నేర్చుకోండి!' ఈ ప్రకటన చూస్తే చాలు, చేతిలో కెమెరా ఉన్న కుర్రాళ్లకు మనసు ఆగదు. ఫీజు కడతారు, వెళ్తారు, సర్టిఫికెట్టు తెచ్చుకుంటారు. ఫొటోలు మాత్రం ఎప్పట్లాగే వస్తుంటాయి. లోపం ఎక్కడుంది? కట్టిన ప్రతి రూపాయీ తిరిగి రావాలంటే ఏం చేయాలి?

కబడ్డీ... కబడ్డీ... కబడ్డీ...

రేపల్లె దగ్గర ఓ ఊరి హైస్కూలు మైదానం. సాయంత్రం నాలుగున్నర. పదో తరగతి అమ్మాయి కూతకు వెళ్లింది. అవతల ఐదుగురు. ఒకరిని తాకి వెనక్కి తిరిగేలోపే ఇద్దరు కాళ్లు పట్టేశారు. ఇంకొకరు నడుం పట్టారు. కూత ఆపకుండా ఆ ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి, దుమ్ములో బోర్లా పడి, చెయ్యి చాచి మధ్యగీతను తాకింది. మైదానమంతా ఒకటే గోల!

అప్పుడు నేను అక్కడే ఉన్నాను, కెమెరాతో సహా. బటన్ మీంచి వేలు తీయలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుంటే నాలుగొందలకు పైగా ఫొటోలు. వాటిలో ఆ అమ్మాయి వీపు ఉంది. జడ ఉంది. అంపైర్ మోచెయ్యి ఉంది. వెనకాల స్టాండ్ వేసి ఉన్న స్కూటరు కూడా స్పష్టంగా ఉంది. చెయ్యి గీతను తాకిన ఫొటో మాత్రం లేదు!

'ఫొటో వచ్చిందా అక్కా? ఒకటిస్తారా, ఇంట్లో చూపిస్తా. పది అయిపోతే ఇంక ఆడనివ్వరు' అని మ్యాచ్ అవగానే అడిగిందా అమ్మాయి. ఇస్తానన్నాను. ఇవ్వలేకపోయాను. అంతకు నెల క్రితమే నేను రెండ్రోజుల స్పోర్ట్స్ ఫొటోగ్రఫీ వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చాను. పద్నాలుగు పేజీల నోట్సు రాసుకున్నాను. సర్టిఫికెట్టూ ఉంది!

తప్పు వర్క్‌షాప్‌ది కాదు. అక్కడికి నేను వెళ్లిన పద్ధతిది.

మూడుముళ్ల రహస్యం

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఏ వీధికెళ్లినా ఫొటోస్టూడియో కనిపిస్తుంది. పెళ్లిళ్ల సీజన్లో వాళ్లకు తీరికుండదు. వాళ్ల పనితనం గమనించారా? పురోహితుడు మంగళసూత్రం చేతికి తీసుకోకముందే ఫొటోగ్రాఫర్ సరైన చోట నిలబడి ఉంటాడు. జీలకర్ర-బెల్లం ఎప్పుడు పెడతారో, తలంబ్రాలప్పుడు పెళ్లికూతురు ఎటు వంగుతుందో, గట్టిమేళం అనగానే ఎవరు ఎటు జరుగుతారో ఆయనకు తెలుసు. ఎందుకంటే పెళ్లి తంతు ఆయనకు కంఠతా వచ్చు. క్షణం వచ్చాక వెతుక్కోడు. అది రాబోయే చోట ముందే కాచుక్కూర్చుంటాడు.

ఆటల ఫొటోల రహస్యమూ సరిగ్గా ఇదే. ఆట తంతు తెలియాలి. వర్క్‌షాప్‌లో కెమెరా గురించి చెబుతారు, లెన్సుల గురించి చెబుతారు, వెలుతురు గురించి చెబుతారు. ఆట గురించి తెలుసుకోవాల్సింది మాత్రం మనమే. అందుకే వెళ్లేముందు ఒక్క ఆటను ఎంచుకోండి. ఒక్కటే! క్రికెట్టో, వాలీబాలో, కబడ్డీయో... మీ ఊళ్లో వారం వారం ఆడేది, సైకిలేసుకుని వెళ్లి చూడగలిగేది.

కబడ్డీనే తీసుకుందాం. ఒక కూతకు 30 సెకన్లు. ఆడపిల్లల కోర్టు పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. అంటే మధ్యగీతకు ఒక్కోవైపు ఆరేసి మీటర్లే. ఈ కాస్త చోటులో ఫొటో వచ్చే సందర్భాలు ప్రధానంగా రెండు. కూతకొచ్చిన మనిషి ఎదుటివాళ్లను తాకేటప్పుడు ఒకటి, పట్టు విడిపించుకుని గీతకేసి దూకేటప్పుడు రెండోది. మొదటిది కావాలంటే పట్టేవాళ్ల వెనక నిలబడాలి, అప్పుడు వచ్చేవాళ్ల ముఖం కనిపిస్తుంది. రెండోది కావాలంటే అక్కడ నిలబడి లాభం లేదు. వెనక్కి తిరిగిన మనిషి వీపే వస్తుంది. నాకు జరిగింది అదే! మధ్యగీత చివర, అంపైర్‌కు అడ్డం రాకుండా రెండు మీటర్లు పక్కకు, కూతకెళ్లిన జట్టువైపు జరిగి నేలమీద కూర్చోవాలి. అప్పుడు చాచిన చెయ్యీ, పళ్లబిగువున పడుతున్న కష్టమూ, వెనక వేలాడుతున్న ముగ్గురూ ఒకే ఫొటోలోకి వస్తారు.

ఇది కెమెరా పాఠం కాదు. ఆట పాఠం.

ఫీజు కట్టేముందు...

వర్క్‌షాప్‌లన్నీ ఒకటి కాదు. కొన్ని హోటల్ హాల్లో తెరమీద బొమ్మలు చూపించి పంపేస్తాయి. కొన్ని నిజంగా మైదానంలో నిలబెడతాయి. ఏది ఎలాంటిదో ఫోన్ చేసి అడిగితే తెలుస్తుంది. మొహమాటపడకుండా ఈ ఐదూ అడగండి.

ఒకటి, నిజంగా జరిగే మ్యాచ్‌ను ఎన్ని గంటలు తీయనిస్తారు? రెండు, ఒక్కో శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులు? మూడు, మేం తీసిన ఫొటోలను అక్కడే చూసి తప్పొప్పులు చెబుతారా? నాలుగు, పెద్ద లెన్సులు వాడుకోవడానికి ఇస్తారా, వాటికి విడిగా డబ్బు కట్టాలా? ఐదు, నేర్పేవాళ్లు ఆటల ఫొటోలు తీసేవాళ్లేనా? వాళ్లు తీసినవి ఎక్కడ చూడొచ్చు?

వీటిలో మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఐఎస్‌వో అంటే ఏమిటో పుస్తకంలో దొరుకుతుంది, యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. 'నీ ఈ ఫొటో ఎందుకు చెడింది' అన్న మాట ఎక్కడా దొరకదు. ఫీజు కట్టేది ఆ మాట కోసమే. అది లేకపోతే ఆ డబ్బుతో వర్క్‌షాప్ బదులు సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనుక్కోవడం మేలు.

చెడిన ఫొటోలే పెట్టుబడి

చాలామంది వర్క్‌షాప్‌కు తమ గొప్ప ఫొటోలు పట్టుకెళ్తారు. మెచ్చుకోలు దొరుకుతుంది, పాఠం దొరకదు. మీరు మాత్రం చెడిపోయిన పది ఫొటోలు పట్టుకెళ్లండి. డాక్టరు దగ్గరికి వెళ్లి, నొప్పిలేని చోటు చూపిస్తామా? ఇదీ అంతే! ఒకటి మసకగా వచ్చి ఉంటుంది. ఒకదాంట్లో ముఖం నల్లగా ఉంటుంది. ఇంకోదాంట్లో ఆటగాడు బాగానే ఉన్నా, తలలోంచి కరెంటు స్తంభం మొలిచినట్టు ఉంటుంది. అన్నీ మంచి ప్రశ్నలే.

మరో ముఖ్యమైన పని... మీ కెమెరా బటన్లు. కదిలే మనిషి మీద ఫోకస్ నిలిపే పద్ధతిని నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి అంటారు. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఏఐ సెర్వో అంటారు. అదెక్కడుందో, వరసగా ఫొటోలు తీసే బరస్ట్ ఎక్కడుందో, షట్టర్ స్పీడ్ ఏ చక్రం తిప్పితే మారుతుందో కళ్లు మూసుకుని చెప్పగలగాలి. లైట్లార్పి గదిలో కూర్చుని నాలుగు రాత్రులు సాధన చేస్తే వచ్చేస్తుంది. లేదంటే వర్క్‌షాప్ మొదటిరోజంతా 'సార్, ఇదెక్కడుంది?' అనడంతోనే సరిపోతుంది.

పెద్ద కెమెరా లేదా? వెనకాడకండి. చవకగా దొరికే 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సుతో చీకటిపడే వేళ కూడా వాలీబాల్ తీయొచ్చు. ఫోన్‌లోనూ బరస్ట్ ఉంటుంది. కాకపోతే జూమ్ చేయకుండా మీరే దగ్గరికి వెళ్లాలి. అసలు ఫోన్‌తో వస్తే ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి.

సెకనులో నూరోవంతు

షట్టర్ స్పీడ్ లెక్క చాలామందికి తలనొప్పి. ఒక్క ఉదాహరణ చాలు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్. ఆగస్టు 8న 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. మన పి.టి.ఉష 55.42 సెకన్లలో గీత దాటింది. కాంస్యం గెలిచిన రుమేనియా అమ్మాయి టైము 55.41 సెకన్లు. తేడా సెకనులో నూరోవంతు! దేశమంతా నిట్టూర్చింది. ఆ తేడా కంటికి కనిపించేది కాదు. ఫొటోఫినిష్ కెమెరా పట్టి ఇచ్చింది.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. మంచి స్ప్రింటర్ సెకనుకు దాదాపు పది మీటర్లు పరిగెడతాడు. షట్టర్ 1/1000 సెకను తెరిస్తే ఆ కాస్సేపట్లో అతను కదిలేది ఒక్క సెంటీమీటరే. ఫొటో స్పష్టంగా వస్తుంది. అదే 1/60 అయితే సుమారు 17 సెంటీమీటర్లు కదులుతాడు. ఫొటో అలుక్కుపోతుంది. కాబట్టి పరుగుకైనా, కబడ్డీకైనా 1/1000తో మొదలుపెట్టాలి. వెలుతురు తగ్గేకొద్దీ ఐఎస్‌వో పెంచుకుంటూ పోవాలి. ఫొటో కాస్త గరుగ్గా వచ్చినా ఫర్వాలేదు. మసక ఫొటో కంటే గరుకు ఫొటో నయం!

మరి 1/60 పనికిరాదా? వస్తుంది. ఆటగాడు పక్కనుంచి వెళ్తుంటే అదే వేగంతో కెమెరానూ తిప్పుతూ తీస్తే మనిషి స్పష్టంగా, వెనకున్నదంతా గీతలు గీతలుగా వస్తుంది. దీన్ని ప్యానింగ్ అంటారు. ఇది మాటలతో వచ్చేది కాదు, చేతితో రావాలి. వర్క్‌షాప్‌లో టీ విరామం ఇస్తే రోడ్డు పక్కన నిలబడి వచ్చేపోయే సైకిళ్లను తీయండి. వంద తీస్తే ఐదు బాగుంటాయి. రెండోరోజుకు ఆ ఐదు పది అవుతాయి.

కుర్చీ చోటే సగం ఫొటో

1965 మే 25. అమెరికాలోని లెవిస్టన్ పట్నం. మహ్మద్ అలీ, సోనీ లిస్టన్‌ల బాక్సింగ్ పోరు. తొలి రౌండ్లోనే లిస్టన్ వెల్లకిలా పడ్డాడు. అలీ చెయ్యి మడిచి మీద నిలబడి లేవమని అరిచాడు. ఆ క్షణాన్ని పట్టిన నీల్ లీఫర్‌కు అప్పుడు 22 ఏళ్లు. ప్రపంచంలోని గొప్ప క్రీడా ఫొటోల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. తమాషా ఏమిటంటే ఆ ఫొటోలో అలీ కాళ్ల మధ్యనుంచి ఇంకో ఫొటోగ్రాఫర్ కనిపిస్తాడు. పేరు హెర్బ్ షార్ఫ్‌మన్. లీఫర్ కంటే చాలా పెద్దవాడు, అనుభవజ్ఞుడు. పాపం, ఆయన కూర్చున్నవైపు నుంచి అలీ వీపే కనిపించింది!

అదృష్టమే అనొచ్చు. కానీ అదృష్టం వచ్చినప్పుడు లీఫర్ తప్పు చేయలేదు. అది కదా అసలు విషయం.

ఇంకోటి వినండి. 1960 డిసెంబరు 14, బ్రిస్బేన్. ఆస్ట్రేలియా, వెస్టిండీస్ టెస్టు చివరి ఓవర్. జో సోలమన్ విసిరిన బంతి వికెట్లకు తగిలి మెకిఫ్ రనౌటయ్యాడు. టెస్టు చరిత్రలోనే మొదటి 'టై' అది. ఆ దృశ్యాన్ని పట్టింది రాన్ లోవిట్. అప్పటికి ఆయన దగ్గర ఒకే ఒక్క ప్లేటు మిగిలి ఉందని, దాన్ని ఆఖరి క్షణం దాకా దాచుకున్నాడని చెబుతారు. ఇప్పటి కెమెరాలు సెకనుకు పది, ఇరవై ఫొటోలు తీస్తాయి. అయినా నాకు రాని ఫొటో ఆయనకు ఒక్కదాంతో వచ్చింది! కారణం తెలుసుగా... ఆయన బటన్ నొక్కడం కంటే ఎక్కువసేపు ఆట చూశాడు.

వర్క్‌షాప్ రెండోరోజున ఈ చిట్కా మీరే ప్రయోగించి చూడండి. ఓ అరగంట బరస్ట్ ఆపేయండి. ముప్ఫై క్లిక్కులే అని ఒట్టేసుకోండి. మొదట కష్టంగా ఉంటుంది. తర్వాత కళ్లు తెరుచుకుంటాయి.

తిట్టు పడితేనే లాభం

ఫొటోలన్నీ తెరమీద వేసి చర్చించేటప్పుడు చాలామంది వెనక బెంచీకి జరుగుతారు. పదిమందిలో తన ఫొటోను తప్పుబడతారని సిగ్గు. సరిగ్గా అప్పుడే ముందు వరసలోకి రావాలి. 'బాగుంది' అంటే ఊరుకోకండి. 'ఇంకా బాగుండాలంటే నేనెక్కడ నిలబడాల్సింది?' అని అడగండి. పక్కవాళ్ల ఫొటోల మీద వచ్చే విమర్శా రాసుకోండి. ఆ తప్పులు రేపు మీరూ చేస్తారు.

నోట్సు విషయంలో నా అనుభవం చెబుతాను. పద్నాలుగు పేజీలు రాశానన్నాను కదా, వాటిని మళ్లీ తెరిచింది లేదు. రెండోసారి వెళ్లినప్పుడు మూడంటే మూడు వాక్యాలు రాసుకున్నాను. 'కిందికి కూర్చో. ముఖం కోసం ఆగు. వెనకాల ఏముందో చూడు.' ఇప్పటికీ కెమెరా సంచిలో ఆ చీటీ ఉంటుంది.

తిరిగొచ్చాకే అసలు క్లాసు

వర్క్‌షాప్ ముగిసిన తర్వాతి నెలరోజులే కీలకం. ఆ నెలలో మైదానానికి వెళ్లకపోతే నేర్చుకున్నదంతా గాలికి పోయినట్టే. మన ప్రాంతంలో మైదానాలకు కొదవా! తెనాలి నుంచి ఓ రైలు దారి రేపల్లెకు, ఇంకోటి బాపట్లకు. మూడు ఊళ్లు, మూడు పాఠాలు.

తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతికి ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. పళ్లను బట్టి విభాగాలు, టైము ప్రకారం ఎంత దూరం లాగితే అంత గొప్ప. ప్యానింగ్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. గిట్టల కింద లేచే దుమ్ములోంచి సాయంత్రపు ఎండ పడుతుంటే చూడాలి! పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేస్తాయా అని 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 12 కెమెరాలు వరసగా పెట్టి ఫొటోలు తీశాడు. లేస్తాయని తేలింది. కదలికను ఫొటోలో బంధించే కథ అలా జంతువులతోనే ఊపందుకుంది. కాకపోతే జాగ్రత్త... తాడు దాటి లోపలికి వెళ్లొద్దు, ఎడ్లకు ఎదురుగా నిలబడొద్దు, ఫ్లాష్ అసలు వద్దు.

బాపట్ల దగ్గర సూర్యలంక తీరం వెలుతురు పాఠం చెబుతుంది. తెల్లారుజామున ఇసుకలో పరుగులు తీసేవాళ్లు, వాలీబాల్ ఆడేవాళ్లు కనిపిస్తారు. ఇసుక, నీళ్ల మెరుపు చూసి కెమెరా మోసపోతుంది. వెలుతురు ఎక్కువుందనుకుని ముఖాలను నల్లగా చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు పెంచితే సరి. లేదంటే ఎదురెండలో నల్లటి నీడబొమ్మల్లా తీయండి, అదీ అందమే. ఇసుకలో మాత్రం లెన్సు మార్చకండి. ఇంటికొచ్చాక మెత్తటి గుడ్డతో ఉప్పుతేమ తుడవడం మరవకండి.

ఇక రేపల్లె వైపు హైస్కూలు మైదానాలు. ఇక్కడి పాఠం మనుషులది. డ్రిల్లు మాస్టారిని కలిసి అనుమతి తీసుకోండి. ఆడేది పిల్లలు కాబట్టి వాళ్ల పెద్దలకు తెలియకుండా ఫొటోలు బయట పెట్టొద్దు. పట్టుపట్టేటప్పుడు, పడేటప్పుడు బట్టలు చెదిరిన ఫొటో వస్తే అక్కడికక్కడే తీసేయండి. ఒక్కసారి నమ్మకం కుదిరితే మాస్టారే కబురు పెడతారు, 'ఆదివారం ఫైనల్సు ఉన్నాయి, రండి' అని.

నాలుగొందలు తీసినా పదే ఉంచండి. ఆ పదీ ఆడినవాళ్లకు చూపించండి. 'ఇది కాదు, ఆ తర్వాతి పట్టు అసలైంది' అని వాళ్లు చెబుతారు. అంతకు మించిన గురువు లేడు. ప్రతి ఫొటో కిందా ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఏ రోజు, చివరికి ఎవరు గెలిచారు అని తెలుగులో రాసి దాచండి. పేరులేని ఫొటో పదేళ్లకు ఎవరికీ పనికిరాదు. పత్రికలకు పంపాలన్నా ముందు అడిగేది అదే.

ఆ వివరం ఎందుకంత ముఖ్యమంటే... పుల్లెల గోపీచంద్ పుట్టింది నాగండ్లలో. ఇంకొల్లు మండలం, బాపట్లకు ఎంతో దూరం లేదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక ఆయన్ను ప్రపంచమంతా ఫొటోలు తీసింది. గెలిచాక తీసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ సాయంత్రం మీ ఊరి మైదానంలో ఆడుతున్న పిల్లల్లో ఎవరు ఎంత దూరం వెళ్తారో ఎవరికి తెలుసు? చాలామంది ఎక్కడికీ వెళ్లరు. పది పాసయ్యాకో, పెళ్లయ్యాకో ఆట ఆగిపోతుంది. వాళ్లు ఆడారనడానికి మిగిలే సాక్ష్యం ఒక్క ఫొటోనే. అదీ మీరు తీస్తేనే.

మర్నాటి ఏడాది నేను మళ్లీ అదే మైదానానికి వెళ్లాను. ఈసారి రెండ్రోజులు ముందే వెళ్లి ప్రాక్టీసు చూశాను. మధ్యగీత పక్కన నేలమీద కూర్చున్నాను. ఆ అమ్మాయి లేదు, ఇంటర్ చదవడానికి వేరే ఊరు వెళ్లిందన్నారు. వాళ్ల చెల్లెలు ఆడుతోంది. అక్కలాగే మొండిది. ఆ సాయంత్రం నేను తీసింది అరవై ఫొటోలే. అందులో ఒకటి, చాచిన చెయ్యి, గీత, నోట్లో ఇంకా ఆగని కూత.

రెండు కాపీలు వేయించి తీసుకెళ్లాను. ఒకటి చూసుకుని మురిసిపోయి, రెండోది కూడా అందుకుంది. 'ఇది మా అక్కకిస్తా' అంది.

సంచి సర్దుకున్నారా?

* ఛార్జ్ చేసిన రెండు బ్యాటరీలు, ఖాళీ మెమరీ కార్డులు రెండు.

* మెత్తటి గుడ్డ, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, వాన వస్తే కప్పడానికి ప్లాస్టిక్ కవరు.

* మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత గోనెసంచి. నవ్వకండి, మైదానంలో దీని విలువ తెలుస్తుంది!

* చెడిపోయిన మీ పది ఫొటోలు, ఎంచుకున్న ఆట నియమాలు రాసిన కాగితం.

* టోపీ, మంచినీళ్లు, ముదురు రంగు బట్టలు. మెరిసే చొక్కా ఆటగాళ్ల దృష్టి మళ్లిస్తుంది.

* చిన్న నోటు పుస్తకం. పాఠాలకు మూడు వాక్యాలు చాలు, మిగతా పేజీలు ఆటగాళ్ల పేర్లకు.